బావిలోంచి వచ్చే ఊ

మా గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో ఏ పని ఉంటే ఆ పని చేసుకుంటూ "ఉండనీ" అనేవారు. ఆ ఉండనీ ఒక్కోసారి పూట ఉండేది, ఒక్కోసారి నెల ఉండేది. అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోయాక, ఏ పాలో పొంగిపోయినప్పుడు, ఏ గొడ్డలి పిడో విరిగినప్పుడు, "ఆనాడు నువ్వు అడిగావే" అని మొదలుపెట్టి ఒక్క మాటతో ముగించేవారు. నేను ఆ మఠంలో పదహారేళ్ళు వంట చేశాను. పేరు బసప్ప. నాకు వేదాంతం తెలియదు, ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలుస్తుంది. కాబట్టి దీన్ని శిష్యుడు చెప్పే కథగా కాక వంటవాడు చెప్పే కథగా వినండి. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అది చెప్పడానికి ఇన్నేళ్ళూ నోరు రాలేదు.

మఠంలో విరూపాక్షి అని ఒక శిష్యుడు ఉండేవాడు. ముప్పై దాటిన మనిషి, చూడ చక్కనివాడు, కంచు గొంతు. అతని చంకలో ఎప్పుడూ ఒక ఎర్ర అట్ట నోటు పుస్తకం ఉండేది. జీవితం గురించి, ప్రేమ గురించి, మనుషుల బుద్ధుల గురించి తనకు తోచిన చమత్కారపు మాటలన్నీ అందులో రాసుకునేవాడు. అప్పటికి నాలుగు వందల పన్నెండు పోగయ్యాయి. ఉన్నమాట చెప్పుకోవాలి, మాటలు బాగుండేవి. "మనిషి తన తప్పు ఒప్పుకునేది రెండు చోట్ల. ఒకటి ఎవరూ వినని చోట, రెండోది ఎవరూ నమ్మని చోట" అని ఒకటి. "చావంటే భయం లేదనేవాణ్ణి తేలు కనబడినప్పుడు చూడాలి" అని ఇంకొకటి. మఠానికి వచ్చినవాళ్ళు గురువుగారికి దండం పెట్టేసి, కూర్చోవడానికి మాత్రం విరూపాక్షి దగ్గరికి పోయేవారు. పట్నంలో ఏదో సభవాళ్ళు వచ్చే శుక్రవారం వచ్చి మాట్లాడమని కబురు కూడా పంపారు.

ఆ కబురు అందిన సాయంత్రం అతడు పుస్తకం తీసుకుని గురువుగారి ముందు కూర్చున్నాడు. ఆయన చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు.

"గురువుగారూ, నేను ఇక నలుగురిలోకి వెళదామనుకుంటున్నాను. ఇన్ని మాటల్లో అన్నిటికన్నా గొప్పది ఏది? ఒక్కటి ఎంచి ఇవ్వండి. జన్మంతా దాన్నే పట్టుకుని తిరుగుతాను" అన్నాడు.

గురువుగారు పుస్తకం కేసి చూశారు గానీ ముట్టుకోలేదు. ఇంకో కాయ చిదిమి, పప్పు చేటలో వేసి, "ఉండనీ" అన్నారు.

ఆ యేడు మా వైపు చినుకు లేదు. వాడుకునే బావి అడుగంటింది. ఆరాధనకు జనం వచ్చే రోజులు దగ్గర పడుతున్నాయి. మఠం వెనక ఇంకో పాత బావి ఉంది. పద్నాలుగేళ్ళుగా దాని మీద బండలు పరిచి ఉన్నాయి. దాని పూడిక తీయిస్తే తప్ప గతి లేదని అందరూ అన్నారు. పదకొండు మట్ల లోతు అది. మట్టు అంటే చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు. పదకొండుమంది ఒకరి ఎత్తిన చేతుల మీద ఒకరు నిలబడితే పై వాడి వేళ్ళకు మాత్రం ఎండ తగులుతుందన్నమాట. బండలు తీసిన రోజు నేను తొంగిచూసి గబుక్కున వెనక్కి వచ్చేశాను. నీళ్ళు కనబడలేదు, అడుగూ కనబడలేదు. కుళ్ళిన ఆకుల వాసనతో చల్లటి గాలి ముఖానికి కొట్టింది. నాకు భయం వేసింది. పట్టపగలు, పదిమంది మధ్య, బావిని చూసి భయపడ్డానంటే నవ్వుతారని వంటింట్లోకి పోయి కూర్చున్నాను.

పూడిక తీయడానికి మద్దిలేటి అనే అతను వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. వెంట భార్య సుంకమ్మ, ఆమె చంకలో ఏడాది నిండని ఆడపిల్ల. మొదటి రోజు మద్దిలేటి బావిలోకి దిగలేదు. వెలిగించిన లాంతరును తాడు కట్టి దింపాడు. అందరం చుట్టూ నిలబడి చూస్తున్నాం. ఏడో మట్టు దగ్గర దీపం ఆరిపోయింది. గాలికి ఆరే దీపం నాకు తెలుసు, రెపరెపలాడి ఆరుతుంది. ఇది అలా ఆరలేదు. చిన్నదై, ఇంకా చిన్నదై, నీలంగా ఒక చుక్కై, లేకుండా పోయింది. లోపల గాలి చెడింది అన్నాడు మద్దిలేటి. ఆ రోజంతా వేపకొమ్మలు మోకుకు కట్టి దింపుతూ లాగుతూ, పైనుంచి కడవలతో నీళ్ళు గుమ్మరిస్తూ గాలి మార్చారు. మర్నాడు పొద్దున లాంతరు అడుగు దాకా పోయి వెలుగుతూనే తిరిగి వచ్చింది. అయినా మద్దిలేటి దానికేసి చాలాసేపు చూశాడు. తరువాత నడుముకు మోకు కట్టించుకుని, దాని రెండో కొస రాతిస్తంభానికి బిగించి, దిగాడు. గంపల్లో వచ్చే బురదను గిలక మీద లాగే పని నాకూ, గొడ్లను చూసుకునే ఈరన్నకూ పడింది.

సుంకమ్మ గట్టు మీద బావిలోకి వంగి కూర్చుంది. కూర్చున్నప్పటి నుంచి నోరు మూయలేదు.

"మామా, మేక కట్టు తెంపుకుంటాంది, తలుగు మార్చల్ల."

"ఊ" అని కింది నుంచి వచ్చేది.

"మామా, అన్నంలోకి గోంగూరా, పప్పా?"

"ఊ."

"ఊ అంటే ఏంది? గోంగూరనా?"

"ఊ."

మేము నవ్వాం. విరూపాక్షి కూడా పుస్తకంతో వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు. "సంసారం మొత్తం ఇంతే కదా. ఒకరు గోంగూర, ఒకరు ఊ. పాపం మద్దిలేటికి ఆ బావిలోనే ప్రశాంతంగా ఉన్నట్టుంది" అన్నాడు. మళ్ళీ నవ్వాం. "దీన్ని మాత్రం పుస్తకంలో ఎక్కించనులే" అన్నాడు.

సుంకమ్మ నవ్వలేదు. తల తిప్పకుండానే చెప్పింది. "మా మామ, ఈయన నాయన, ఇట్లనే ఒగ బావిలో పాయ సామీ. పైనోళ్ళు పని చేస్తాండాడనుకున్యారు. అప్పుటి నుంచి మా ఇంట్లో ఇదే కట్టు. దిగినోనితో మాట తెంపగూడదు. ఒగ మాట చెప్పల్ల, ఆగల్ల, ఊ ఇనల్ల. ఊ రాలేదంటే ఇంగ రెండోసారి అడిగేది లేదు. లాగేదే."

అప్పుడు గమనించాను. ఆమె ప్రతి మాట తరువాత ఆగుతోంది. మెడ పక్కకు వాల్చి, ఒక చెవి బావిలోకి పెట్టి, ఊపిరి బిగపట్టి, ఊ వచ్చాకే ఇంకో మాట అందుకుంటోంది. పొద్దున్నుంచి ఆమె చేస్తున్న పని అదీ. మేము కబుర్లనుకున్నాం. ఆ తరువాత ఆమె గోంగూర అన్నా నాకు నవ్వు రాలేదు. కింది నుంచి ఊ వచ్చాక గానీ నా చేతులు తాడు మీద సర్దుకునేవి కావు.

ఎండ నడినెత్తికి వచ్చే వేళ, గోడ అవతల వేపచెట్టుకు కట్టిన గుడ్డ ఊయలలో పాప లేచి ఏడుపు అందుకుంది. ఎంత ఊరుకోబెట్టినా మానని ఏడుపు, ఆకలి ఏడుపు.

"మామా, పాప లేసింది. పైకి రా, పాలిచ్చి వస్తా" అని కేకేసింది సుంకమ్మ.

"నాలుగు గంపలే ఉండాయి మే. నువ్వు పో" అన్నాడు కింది నుంచి. అంత పొడుగు మాట అతని నోట వినడం అదే మొదలు.

ఆమె మా ముఖాలు చూసింది. నేను, ఈరన్న తాడు పట్టుకుని రొప్పుతున్నాం. విరూపాక్షి ముందుకు వచ్చాడు.

"నేను మాట్లాడతాను తల్లీ. మాటలకేం తక్కువ, నాలుగు వందలున్నాయి నా దగ్గర" అన్నాడు.

ఆమె రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఆగల్ల సామీ. చెప్పి, ఆగి, ఇనల్ల" అంది. అతడు తల ఊపాడు. ఆమె వెళ్ళింది.

విరూపాక్షి గట్టు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. మొదట్లో అంతా సక్రమంగానే జరిగింది. "మద్దిలేటీ, విను. మొగుడూ పెళ్ళాల మధ్య మౌనం రెండు రకాలు. ఒకటి అన్నం తిన్నాక వచ్చేది, ఒకటి అన్నం తిననివ్వనిది" అన్నాడు. కింది నుంచి "ఊ" వచ్చింది. మేము పగలబడి నవ్వాం. ఆ నవ్వుకు మఠం ముందు కూర్చున్న భక్తులు ముగ్గురు లేచి వచ్చారు. "అసూయకు చూపు చాలా చురుకు, కానీ పక్కింటి గోడ దాకానే" అన్నాడు. "ఊ!" అన్నాడు ఈరన్న తల ఊపుతూ. "మనం సలహా అడిగేది దారి తెలియక కాదు. రేపు దారి తప్పితే తిట్టడానికి ఒక మనిషి కావాలి కదా." "ఊ, ఊ" అన్నారు భక్తులు. బావి గొంతులో పడి అతని కంచు గొంతు ఇంకా పెద్దదై తిరిగి వస్తోంది. అది అతనికీ వినబడుతోంది. అతని ముఖం బావి మీంచి మెల్లగా మా వైపు తిరిగింది. పుస్తకం తెరవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఒక మాట కొసను ఇంకో మాట పట్టుకుని వస్తోంది.

మనవాళ్ళకు ఇది పుట్టుకతో వచ్చిన గుణం. ఎవరైనా బాగా చెబుతుంటే ఊ కొట్టకుండా ఉండలేం. నేనూ కొట్టాను.

ఇక్కడే నా తప్పు. గంప నిండితే కిందివాడు తాడు కదిలిస్తాడు. తాడు చాలాసేపటిగా కదలలేదు. నాకు తెలియలేదని అబద్ధం చెప్పను. తెలిసింది. భుజాలు పీకుతున్నాయి, కాస్త విరామం దొరికిందిలే అనుకున్నాను. పైగా మాటలు వినడానికి హాయిగా ఉంది.

"చివరగా ఒక్కటి చెబుతాను" అన్నాడు విరూపాక్షి. "నిజంగా ప్రేమ ఉన్నచోట జవాబుతో పనిలేదు. అవతలి మనిషి పలకకపోయినా మనకు వినబడుతుంది."

"ఊ" అన్నాను నేను.

గోడ మలుపులో సుంకమ్మ నిలబడి ఉంది. చంకలో పాప పాలు తాగి నిద్రమత్తుగా ఉంది. ఆమె మా అందరినీ ఒకసారి చూసింది.

"ఎవురు ఊ అనింది?" అంది.

భక్తులు గట్టు దగ్గర్నుంచి వెనక్కి జరిగారు.

"ఎవురు ఊ అనింది? అది మా ఆయన గొంతు గాదు."

నా చూపు కదలని తాడు మీద పడింది. కింది నుంచి చివరి ఊ ఎప్పుడు వచ్చింది? విరూపాక్షి నా ముఖం చూశాడు, నేను ఈరన్న ముఖం చూశాను. మాలో ఏ ఒక్కరమూ చెప్పలేకపోయాం. సుంకమ్మ పాపను నేల మీద పడవేసినంత పని చేసి గట్టు మీదికి ఉరికింది. "మామా!" అని అరిచింది. మామా అని బావి తిరిగి అరిచింది. అంతే, ఇంకేం రాలేదు. రెండోసారి ఆమె పిలవలేదు. నడుము మోకును రెండు చేతులా పట్టుకుని ఒక్కతే లాగడం మొదలుపెట్టింది.

అందరం పడి లాగాం. బతికున్న మనిషిని లాగుతుంటే చేతులకు తెలుస్తుంది. వాడు తాడు పట్టుకుంటాడు, గోడకు కాలు తంతాడు, మనకు సాయం వస్తాడు. ఆ మోకు కొసన ఉన్నది మాకు ఏ సాయమూ రాలేదు. గోడకు కొట్టుకుంటూ వస్తోంది. ప్రతి మట్టుకూ ఒక దెబ్బ వినబడేది. నేను కళ్ళు మూసుకుని లాగాను. తెరిచి చూడాలంటే భయం. చూడకుండా ఉండాలన్నా భయమే. విరూపాక్షి అరచేతులు తాడుకు చీరుకుపోయి నెత్తురు కారుతోంది, అతనికి ఆ ధ్యాసే లేదు. నోటితో ఏదో గొణుగుతున్నాడు. దేవుడి పేరు కూడా అతనికి సరిగ్గా పలకడం లేదు.

మద్దిలేటిని గట్టు మీద పడుకోబెట్టాం. ముఖం నిండా బురద, పెదవులు నేరేడుపండు రంగు. అప్పటికి గురువుగారు వచ్చారు. ఆయన ఒళ్ళో వేరుశనక్కాయల పొట్టు ఇంకా అంటుకునే ఉంది. "గాలి రానివ్వండి" అని మమ్మల్ని వెనక్కి నెట్టి, అతణ్ణి పక్కకు ఒత్తిగిల్లబెట్టి, వేలితో నోట్లోని బురద తీశారు. వీపు రుద్దారు. ముఖం మీద నీళ్ళు చల్లారు. ఛాతీ కదులుతోందా లేదా అన్నది ఎంత చూసినా నాకు తెలియలేదు. ఒకసారి కదిలినట్టుంటుంది, మరుక్షణం నేనే భ్రమపడ్డానేమో అనిపిస్తుంది. సుంకమ్మ రొమ్ము బాదుకుంటోంది. విరూపాక్షి అతని చెవి దగ్గర మోకరిల్లి, "మద్దిలేటీ, ఒక్కసారి పలుకు. నా ఆయుష్షు పోసుకుని పలుకు. మద్దిలేటీ, మద్దిలేటీ" అంటూ ఊపిరి సలపకుండా పిలుస్తున్నాడు.

గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వు ఊరుకో" అన్నారు. తరువాత సుంకమ్మ వైపు తిరిగి, "అమ్మా, పొద్దున్నుంచి ఎట్లా పిలిచావో అట్లానే పిలువు" అన్నారు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. తరువాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అతని చెవి దగ్గరికి వంగింది. 

"మామా" అంది. "అన్నంలోకి గోంగూరా, పప్పా?"

ఆగింది.

ఒక మనిషి అంతగా ఆగి ఎదురుచూడడం నేను ఎన్నడూ చూడలేదు. ఎవరూ కదలలేదు. నేల మీద పాప కూడా నోట్లో వేలు పెట్టుకుని చూస్తోంది. ఏమీ రాలేదు. నా కడుపులోంచి ఒక ఊ లేచి గొంతు దాకా వచ్చింది. ఆమెకు ఎవరో ఒకరు జవాబు చెబితే బాగుండునని, ఆ నిశ్శబ్దం భరించలేక. అరచేత్తో నోరు నొక్కి పట్టుకున్నాను.

"మామా, నిన్నే. గోంగూరా, పప్పా?"

మళ్ళీ ఆగింది. మెడ పక్కకు వాల్చి, చెవి అతని పెదవుల దగ్గర పెట్టి, బావి గట్టు మీద కూర్చున్నట్టే కూర్చుంది. ఎంతసేపో చెప్పలేను.

"ఊ."

అది ఊ కూడా కాదు, గొంతులో బురద కదిలిన చప్పుడు. సుంకమ్మ ముఖంలోకి నవ్వో ఏడుపో తెలియనిదేదో వచ్చింది. "ఊ అంటే ఏంది? గోంగూరనా?" అంది.

"ఊ."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. సిగ్గుపడలేదు.

బండి కట్టి ఆస్పత్రికి తీసుకుపోయారు. నాలుగో రోజుకు అతను తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. మఠానికి వచ్చి గట్టు మీద వదిలేసిన తన గంపలు, మోకు తీసుకుని వెళ్ళాడు. విరూపాక్షి కాళ్ళ మీద పడబోతే, "నువ్వేం జేస్తావు సామీ, గాలి అట్లాంటిది" అన్నాడు. సుంకమ్మ మాత్రం విరూపాక్షి కేసి చూడనైనా లేదు. బావి మీద మళ్ళీ బండలు పరిచారు. ఆ యేడు ఆరాధనకు నీళ్ళు బండ్ల మీద తెప్పించారు. నా మటుకు నేను నేటికీ ఎవరైనా కథ చెబుతుంటే ఊ కొట్టలేను. మా మనవరాలు అలుగుతుంది. ఏం చెప్పను దానికి?

శుక్రవారం వచ్చింది. విరూపాక్షి పట్నం పోలేదు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, గుడ్డ చుట్టిన చేతులతో ఎర్ర అట్ట పుస్తకాన్ని పొయ్యి ముందు పెట్టి, "బసప్పా, నువ్వే వేసెయ్. నాకు చెయ్యి రావడం లేదు" అన్నాడు. నేను పుల్ల ఎగదోస్తున్నాను. పుస్తకం ముట్టుకోవడానికి నాకూ చెయ్యి రాలేదు. గురువుగారు మజ్జిగ కోసం వచ్చి గడపలో నిలబడి ఇదంతా చూశారు.

"కాల్చకు. అందులో బాగున్నవి కూడా ఉన్నాయి" అన్నారు.

విరూపాక్షి పుస్తకాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆనాడు నువ్వు అడిగావే" అన్నారు గురువుగారు. "సుంకమ్మ మాట రాసుకున్నావా?"

"గోంగూర మాటా?" అన్నాడు అతడు మెల్లగా. "లేదు గురువుగారూ."

"రాసుకో."

అతడు పుస్తకం తెరిచి, గాయపడ్డ వేళ్ళతో కలం సరిగ్గా నిలవకపోయినా, చివరి పుటలో ఆ మాట రాశాడు. పైకి చదివాడు కూడా. అలవాటు ఎక్కడికి పోతుంది, దాని కింద ఇంకేదో రాయడానికి కలం మళ్ళీ ఆనించాడు.

"ఉండు" అన్నారు గురువుగారు. "అక్కడ కొంచెం చోటు వదిలిపెట్టు."